ప్లాస్టిక్ దాణాలోని చెమ్మ

ఆవకాయ పెట్టునాడు మామిడికాయ ముక్కలను ఒక్కొక్కటిగా పొడిగుడ్డతో తుడిచి, జాడీని ఎండలో బోర్లించి, తడిచేతులవారిని దరిదాపులకు రానీయని గృహిణికి చెమ్మ చేయు చేటును గూర్చి రసాయనశాస్త్రజ్ఞుడు క్రొత్తగా బోధింపవలసినది అంతగా లేదు. అయినను, ఆ ఇంటికే నీళ్ళసీసాగను, శీతలపానీయపు బుడ్డిగను వచ్చి చేరు ప్లాస్టిక్కు సైతము, తానొక వస్తువుగా రూపొందుటకు ముందు, ఎక్కడనో ఒక కర్మాగారమున, ఆవకాయముక్కకు పట్టు మడికంటె కఠినమైన మడితో ఆరబెట్టబడినదను సంగతి ఆమెకే కాదు, ఆ సరుకును టోకున కొని అమ్ముకొను వర్తకులలో పెక్కుమందికిని తెలియదు. సీసా పగిలిననాడు తయారుచేసినవాడు పలుచని సరుకు వాడెనని తిట్టుదుము, అచ్చును తప్పుపట్టుదుము, లారీవాడు విసరివేసెనని అనుమానింతుము, సీసా కాకముందు ఆ గింజలలో నిలిచిపోయిన గ్రామో రెండు గ్రాములో నీటిని మాత్రము ఎవ్వరును తలచుకొనరు.

గింజలంటిని; కర్మాగారములలో కూలీలు మొదలు యజమానులవరకు ఈ ముడిసరుకును దాణా అనియే వ్యవహరింతురు. పేరునకు తగినట్లు అది రెండు మూడు మిల్లీమీటర్ల గింజలుగా, 25 కిలోల సంచులలోనో, టన్నుపట్టు పెద్దగోతములలోనో వచ్చి, యంత్రము నెత్తిన గల హాపరులో పడి, అటనుండి తిరుగుచున్న స్క్రూ వెంబడి కరగుచు పోయి, అచ్చులో రూపము దాల్చును. ఈ దాణాలలో నీటికి జంకునవి కొన్ని, జంకనివి కొన్ని. ఈ భేదమునకు మూలము వాని పుట్టుకలోనే ఉన్నది.

1933లో ఇంగ్లండునందు కనుగొనబడిన పాలిథిన్‌యు, దాని తోబుట్టువనదగిన పాలిప్రొపిలీన్‌యు, వాయుస్థితిలోని చిన్న అణువులు నేరుగా ఒకదానిచేయి ఒకటి పట్టుకొనుటచే ఏర్పడినవి. ఆ కలయికలో బయటికి వెడలిపోవునది ఏదియు లేదు. నీటితో వానికి చుట్టరికమును లేదు, పగయు లేదు. అందుచేతనే పాలప్యాకెట్లు, చేతిసంచులు, సీసామూతలు చేయువారికి తేమబాధ అంతగా లేదు. చల్లని గోదామునుండి ఉక్కపోతలోనికి తెచ్చినపుడు గింజపై పట్టు చెమటను వేడిగాలితో తుడిచివేసిన చాలును. నల్లసంచులకై కలుపు, మసిని చిక్కగా ఇముడ్చుకొన్న గింజలగు కార్బన్‌బ్లాక్ మాస్టర్‌బ్యాచియు, ధర తగ్గించుటకై కలుపు సుద్దపొడి ఫిల్లరును తమతో తేమను మోసికొని వచ్చి, పలుచని ఫిల్ములో చుక్కలను రంధ్రములను కల్పించు సందర్భములు కలవు. అట్టిచోట కొందరు కాల్చిన సున్నము గల మాస్టర్‌బ్యాచిని చేర్చుదురు. సున్నము నీటిని త్రాగి తడిసున్నమై అందే ఉండిపోవును. ఇది మన తాతలెరిగిన రసాయనమే గనుక దీనిని ఇంతటితో విడుతును.

జంకు గలవానిలో ముఖ్యమైనది పెట్. 1941లో కాలికో ప్రింటర్స్ అసోసియేషన్ వారి కొలువులోనున్న విన్‌ఫీల్డ్, డిక్సన్ అను ఇరువురు ఆంగ్లేయులు దీనిని నూలుకొరకు కనిపెట్టగా, డుపాంట్ కంపెనీలోని నేథనియల్ వైయత్ 1973లో దీనితో శీతలపానీయమును ఓర్చు సీసాకు పేటెంటు పొందెను. టెరిఫ్తాలిక్ ఆమ్లము, ఇథిలీన్ గ్లైకాల్ అను రెండు పదార్థములు చేరి ముడిపడుచుండగా ప్రతి ముడియొద్దను ఒక్కొక్క నీటి అణువు వెలికి వచ్చును. ఇట్లు పుట్టుకనాడు గెంటివేయబడిన నీరు, కరగిన పెట్ 280 డిగ్రీల వేడిలో నున్నపుడు మరల లోన చిక్కుపడెనా, తాను ఏ ముడినుండి వెడలినదో అట్టి ముడినే విప్పి, గొలుసును రెండుగా తెంచి, ఒక కొసను ఆమ్లముగను ఒక కొసను ఆల్కహాలుగను మిగిల్చి, తాను అంతర్ధానమగును. నైలానును ఇట్లే నీటిని విడిచి పుట్టినది. ఇట్లే నీటికి వెరచును. పాలికార్బొనేట్ జన్మవృత్తాంతము వేరైనను దాని ముడియు నీటికి లొంగునదే.

ఎంత నీరు, ఎంత చేటు అని అడుగువారికై చిన్న లెక్క చెప్పుదును. సంచి విప్పిన పెట్ దాణాలో, అది నిలువయున్న చోటి గాలినిబట్టి, కిలోకు 2 మొదలు 4 గ్రాముల నీరుండును. ఒక టన్ను దాణాను తీసికొని, దాని గొలుసుల సగటు అణుభారము 24,000 అనుకొన్నచో, ఆ టన్నులో సుమారు 42 కిలోమోలుల గొలుసులుండును. అందు 3 కిలోల నీరున్నచో, నీటి అణుభారము 18 గనుక, టన్నుకు 0.167 కిలోమోలులు. ఇచట పాఠకుడు, 42 ఎక్కడ, 0.167 ఎక్కడ, ఏనుగుముందు ఎలుక కాదా యని నవ్వవచ్చును. నవ్వునట్లు చేసినది నా కలముయొక్క తొందరపాటే. టన్నులో పది లక్షల గ్రాములున్నవి. దానిని 24,000చే భాగించిన వచ్చునది 42 మోలులే గాని కిలోమోలులు కావు. నీరో, 3,000 గ్రాములను 18చే భాగింపగా 167 మోలులు. ఏనుగు ఎలుకలు తారుమారైనవి! ఒక్కొక్క నీటి అణువు ఒక్కొక్కచోట తెంచినచో 42 గొలుసులు 209 తునకలగును. 24,000 గల సగటు భారము 4,800కు, అనగా ఐదవవంతునకు దిగిపోవును. అదే దాణాను పదిలక్షల పాళ్ళకు 50 పాళ్ళవరకు ఆరబెట్టినచో మిగులు నీరు 3 మోలులైనను లేదు. 42 గొలుసులు 45కు మించవు. సీసాలు చేయువారు ఈ 50 పాళ్ళను గడపగా నిర్ణయించుకొని, వీలైనచో 30కి దించుట ఇందుకే. ధాన్యపు కొనుగోలు కేంద్రమున రైతునుండి 17 శాతమువరకు తేమను ఓర్చుదురు; ఇచట ఓర్పు 0.005 శాతము.

తడిసిన నైలానును, పాలికార్బొనేటును తమ రహస్యమును దాచుకొనలేవు. ఆవిరి బుడగలు అచ్చులో నలిగి వస్తువుమీద వెండిచారలుగా సాగును, చూచినవాడెల్ల గుర్తింపగలడు. పెట్ అట్లు కాదు. కొద్దిపాటి నీరు పూర్తిగా రసాయనచర్యయందే ఖర్చగుటచే, ప్రీఫారము, అనగా సీసాగా ఊదుటకు ముందు అచ్చునుండి వెడలు గొట్టము, స్ఫటికమువలె నిర్మలముగా వచ్చును. తరువాత దానిని ఎంత శోధించినను ఆ నీటిజాడ దొరకదు. దొరకునది దాని ఫలితమే: ద్రావణపు స్నిగ్ధత తగ్గుట, పేర్చినపుడు అడుగుసీసాలు కుంగుట, గ్యాసు నింపిన సీసాల అడుగు నక్షత్రాకారముగా చీలుట.

కొన్ని ఏండ్లక్రిందట ఒక శ్రావణమాసమున సముద్రతీరమునకు చేరువనున్న ఒక చిన్న ప్రీఫారము కర్మాగారమునకు పోవుట తటస్థించెను. పెరటిలో వెనుకకు వచ్చిన సీసాలు చిన్నగుట్టగా పడియున్నవి. షిఫ్టు సూపర్‌వైజరు, పాతికేండ్ల యువకుడు, నన్ను హాపరు కడకు తోడుకొనిపోయి, "ఎండాకాలమంతా ఒక్క కంప్లయింటు లేదండీ, వానలు పడ్డ కాణ్ణించి రోజూ రిటర్నులే. డ్రైయరు నూట అరవైలో ఉంది, ఇంకో పది పెంచి చూడమంటారా?" అని అడిగెను. దాణా అదే, అచ్చు అదే, యంత్రము అదే, మనుష్యులును వారే. మారినది గాలి ఒక్కటి. ఆ డ్రైయరు బయటిగాలిని పీల్చి, వేడిచేసి, దాణాలోనికి ఊదు పాతరకపు వేడిగాలి డ్రైయరు. ఆ యువకుని ప్రశ్నలో మన చిన్న కర్మాగారముల పొరపాటంతయు ఇమిడియున్నదని నాకు తోచినది: వేడి పెంచిన ఆరునని వారి నమ్మకము.

వడియములు ఎండవేడికే ఎండుచున్నవని మనమనుకొందుము. ముసురుపట్టిన దినమున పొయ్యిప్రక్కన పెట్టినను అవి మెత్తగనే ఉండుట చూచియు ఆ తలంపును మార్చుకొనము. 30 డిగ్రీల వేడియు 80 శాతము సాపేక్ష ఆర్ద్రతయు గల తీరప్రాంతపు గాలిలో ఘనమీటరునకు సుమారు 24 గ్రాముల నీటియావిరి యుండును. ఆ గాలిని 160 డిగ్రీలకు కాచినను ఆ 24 గ్రాములును దానివెంటనే హాపరులోనికి పోవును. సాపేక్ష ఆర్ద్రత తగ్గినట్లు అంకె కనిపించునే గాని, ఆవిరి బరువు తగ్గదు. గింజలోనుండి నీరు బయటికి రావలెనన్నచో బయటి బాష్పపీడనము లోపలిదానికంటె తక్కువగా నుండవలెను. కావున దాణా ఒక మేరకు ఎండి, ఆపైన ఎన్ని గంటలుంచినను అచటనే నిలిచిపోవును. మరియొక ప్రమాదమును కలదు. 150 డిగ్రీలు దాటిన పిమ్మట ఘనరూపముననున్న పెట్ గింజలోనే నీరు ముడులను విప్ప నారంభించును. తడిగాలిలో పది డిగ్రీలు పెంచుట అనగా ఆరబెట్టుచున్నామనుకొనుచు ఉడుకబెట్టుట. పెంచవద్దని చెప్పితిని, ఆ యువకుడు నమ్మినట్లు కనబడలేదు.

గాలి ఎంత ఎండినదో చెప్పుటకు తుషారాంకమను కొలత కలదు. చల్లని మజ్జిగచెంబు వెలుపల చెమటపట్టుట అందరమును చూచినదే. గాలిని క్రమముగా చల్లార్చుచు పోగా అట్లు చెమటపట్టు ఉష్ణోగ్రతయే తుషారాంకము. పైన చెప్పిన శ్రావణపు గాలికి అది 26 డిగ్రీల ప్రాంతము. పెట్ ఆరబెట్టుటకు వలయు గాలికి అది సున్నకు దిగువ 40 డిగ్రీలు. సెంటిగ్రేడా ఫారన్‌హీటా యని తగవులాడ నక్కరలేదు, ఆ రెండు కొలతలును కలిసికొను అంకె అదియే. అంతటి ఎండుగాలిలో ఘనమీటరునకు నీటియావిరి గ్రాములో ఎనిమిదవవంతునకు మించదు.

ఇట్టి గాలిని సమకూర్చునది ఒక రాయి. స్వీడన్ దేశపు ఖనిజవేత్త క్రోన్‌స్టెట్ 1756లో ఒక రాతిని మంటలో పెట్టగా అది నీరు క్రక్కుచు పొంగుట చూచి, గ్రీకున మరుగురాయి యను అర్థమిచ్చునట్లు జియోలైట్ అని పేరుపెట్టెను. ఇరువదవ శతాబ్ది నడుమ యూనియన్ కార్బైడ్ శాస్త్రజ్ఞులు ఆ రాతిని కృత్రిమముగా, తాము కోరిన రంధ్రముల పరిమాణముతో, చేయ నేర్చిరి. దానినే మాలిక్యులర్ సీవ్ అందురు. నాలుగు ఆంగ్‌స్ట్రాముల రంధ్రమున మూడు ఆంగ్‌స్ట్రాములకు లోపుగల నీటి అణువు దూరి చిక్కుకొనును. ఉప్పుడబ్బాలో నాలుగు బియ్యపుగింజలు వేయు మన ఇండ్లలోని ఉపాయమునకు ఇది మహారాజవైభవము. రెండు బుంగలలో ఈ గుళికలను నింపి, ఒకటి తేమ పీల్చుచుండగా రెండవదానిని 200 డిగ్రీలకు పైగా కాచి ఎండగట్టుచు, కావడిలో భుజము మార్చినట్లు వంతులు మార్చుదురు. క్రొత్త యంత్రములలో బుంగలకు మారుగా తేనెపట్టువంటి చక్రము మెల్లగా తిరుగుచు, ఒకవైపున పీల్చి ఒకవైపున ఆరును. ఈ గుళికలకొక గుణము కలదు: వేడిగాలినుండి అవి తేమను పీల్చజాలవు. హాపరునుండి తిరిగివచ్చు గాలిని చల్లార్చి, దుమ్మును వడకట్టి పంపవలెను. చల్లార్చు నీటికుళాయి సగము మూసియుండుట, వడపోతగుడ్డ దాణాపొడితో మూసికొనిపోవుట అను రెండు అల్పకారణములచేత లక్షల ధరగల డ్రైయరు ఉత్త వేడిగాలి డ్రైయరుగా మారిపోవుచుండును; ఎర్రదీపము వెలుగదు, ఎవ్వరికిని తెలియదు.

వేడి, గాలి ఎండుదనము, గాలి పరిమాణము, కాలము అను నాలుగును కలిసిననే దాణా ఆరును. పెట్ విషయమున, గాలి పరిమాణము నటుంచినచో, ఇవి 160 మొదలు 180 డిగ్రీల వేడి, పైన చెప్పిన తుషారాంకము, 4 మొదలు 6 గంటల కాలము. నాలుగింటిలో ఎక్కువ మోసపోవునది కాలమునందే యని నా అభిప్రాయము. గంటకు 100 కిలోలు తిను యంత్రమునకు ఐదుగంటల విశ్రాంతి కావలెనన్నచో హాపరులో 500 కిలోలు పట్టవలెను. అచ్చులో గుంటలు పెంచి, యంత్రము గంటకు 200 కిలోలు తినునట్లు చేసికొని, హాపరును మాత్రము పాతదానినే ఉంచినవాడు, తనకు తెలియకయే ఐదుగంటలను రెండున్నర చేసెను. హాపరు నడుమనున్న దాణా జారిపోయి అంచులది నిలిచిపోవునట్టి ఆకారమైనచో ఆ రెండున్నరయు దక్కదు. ఆరిన దాణాను తొట్టెలోనికి దింపి మూతతీసి ఉంచువారును కలరు. బయటిగాలి సోకిన క్షణమునుండియే అది మరల తేమను త్రాగ మొదలిడును.

విద్యుత్తు ఖర్చును చూచి ఆరబెట్టుటకు వెనుదీయువారికి ఒక మాట. కిలో దాణాను 30 డిగ్రీలనుండి 170కి కాచుటకు 200 కిలోజౌళ్ళ ప్రాంతము పట్టును. అందలి 3 గ్రాముల నీటిని ఆవిరి చేయుటకు 7 చాలును. ఖర్చంతయు గింజను కాచుటకే గాని నీటిని తరుముటకు కాదు. ఆ కాచినదియు వృథా కాదు, ఏలయన కరగించు యంత్రమునకు అంతమేర పని తగ్గును.

అతిగా ఆరబెట్టుటయు దోషమే. పెట్‌ను అవసరమునకు మించిన వేడిలో, మించిన కాలముంచినచో పసుపువన్నె తిరుగును. కరగునపుడు ఎసిటాల్డిహైడ్ హెచ్చుగా పుట్టును. పండినపండ్లలో సహజముగా నుండు ఈ పదార్థము హానికరమగునంత పుట్టదు గాని, రుచిలేని నీటిలో లేశమున్నను నాలుకకు తీపివాసన తగులును; శీతలపానీయమున దాగు దోషము మంచినీటిసీసాలో బయటపడును. నైలాను ఇంకను సుకుమారము. గాలిలో సగము ఆర్ద్రతయున్ననే అది 3 శాతమువరకు నీరు త్రాగును. దానిని 80 డిగ్రీలకు మించి కాచినచో గాలిసోకి పసుపెక్కును. 20 లీటర్ల నీళ్ళడబ్బాలు చేయు పాలికార్బొనేటునకు 120 డిగ్రీలలో 3, 4 గంటలు చాలును, తేమ 0.02 శాతమునకు దిగిన మేలు. మొక్కజొన్నవంటి పంటలనుండి చేయు పి.ఎల్.ఏ. కొద్దిపాటి వేడికే మెత్తబడి గడ్డకట్టును.

గడ్డకట్టుట యనగా తిరుగుసరుకు గుర్తునకు వచ్చుచున్నది. చెడిన ప్రీఫారములను గ్రైండింగు చేసి మరల వాడుట సర్వసామాన్యము. అచ్చులో చటుక్కున చల్లారిన ఆ తునకలు స్ఫటికరూపము దాల్చలేదు. 75 డిగ్రీలు దాటగనే మెత్తబడి, ఒకదానికొకటి అంటుకొని, హాపరులో బెల్లపుదిమ్మవలె కూర్చుండును. వానిని ముందుగా కలియబెట్టుచు కాచి స్ఫటికీకరణము గావింపవలెను. వాడి పారవేసిన సీసాలనుండి వచ్చు తునకలతోనో చిక్కులు రెట్టింపు: కడిగిన తడి, జిగురు మరక, గింజలో మూడవవంతైనను తూగని తేలికతనముచే హాపరు నిండినను కాలము చాలకపోవుట, ఏ లేబులుతోనో చేరిన పి.వి.సి. తునక కాలి ఆమ్లము క్రక్కి గొలుసులను తెంచుట. 2022లో భారతప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకములు గట్టి ప్లాస్టిక్ ప్యాకింగులో 2025-26కు 30 శాతము, 2028-29కి 60 శాతము తిరుగుసరుకు కలుపవలెనని నిర్ణయించినవి. ఈ అంకెలపై పత్రికలలో చర్చ జరిగినది. ఆ సరుకును ఎవ్వరు, ఎట్లు ఆరబెట్టుదురో ఎవ్వరును చర్చించినట్లు లేదు. రెండు స్క్రూలు గల ఎక్స్‌ట్రూడరులో శూన్యముచే ఆవిరిని లాగివేయుచు తడితునకలనే నేరుగా కరగించు పద్ధతియు, తెగిన గొలుసులను 200 డిగ్రీలకు పైన శూన్యమునందు గంటలకొలది ఉంచి మరల పొడిగించు పద్ధతియు కలవు. రెండును పెద్దపెట్టుబడి గలవారివే.

కొలత మాట మిగిలినది. జర్మను రసాయనవేత్త కార్ల్ ఫిషర్ 1935లో కనిపెట్టిన టైట్రేషను నీటినే లెక్కించును. దానికి మించిన సాక్షి లేదు. వేడిత్రాసులు ఎగిరిపోవు ప్రతిదానిని నీటిఖాతాలో వ్రాయును. ఇవి రెండును లేనివారికి నిరుపేదల పరీక్ష యొకటి కలదు. దానిని ఆ శ్రావణమాసపు కర్మాగారమున నేను స్వయముగా చూపితిని. 270 డిగ్రీల వేడిపలకమీద రెండు అద్దపుపలకలను కాగనిచ్చి, ఒకదానిపై హాపరు అడుగునుండి అప్పుడే తీసిన నాలుగు గింజలను చిమటాతో పెట్టి, రెండవ అద్దమును మూసి, కరగినకొలది పుల్లతో అదిమితిమి. గింజలు అర్ధరూపాయి బిళ్ళలంతగా పరచుకొన్నవి. తీసి చల్లార్చి దీపమునకు పట్టి చూడగా, నాలుగింటను ఆవగింజలవంటి బుడగలు క్రిక్కిరిసియున్నవి. ఒకటి రెండైనచో చిక్కుకొన్న గాలి యనుకొనవచ్చును. ఇవి లెక్కకు అందలేదు. ఆ యువకుడు ఆ అద్దమును చాలసేపు అటునిటు త్రిప్పి చూచి, "నూట అరవైలో ఆరు గంటలుందండీ ఇది" అని మాత్రమనెను. ఈ పరీక్ష స్థూలమైనది. 50 పాళ్ళకును 100 పాళ్ళకును భేదము చెప్పలేదు. అయినను ఘోరమైన తడిని పట్టుకొనుటకు రెండు నిమిషములు చాలును.

క్రొత్తగా డ్రైయరు కొనబోవు చిన్న కర్మాగారములవారు, ముఖ్యముగా సముద్రతీరపు జిల్లాలవారు, పెట్‌కొరకు వేడిగాలి డ్రైయరును ఎంత చవుకగా వచ్చినను కొనవలదు. ఎండుగాలి డ్రైయరు అమ్మువానిచేతనైనను హాపరు ఎన్ని కిలోలు పట్టునని, మీ యంత్రము గంటకు ఎన్ని కిలోలు తినునని ముందుగా లెక్కకట్టించుడు. తుషారాంకమును హాపరు ముఖద్వారమున కొలిచి చూపుమనుడు. ఏప్రిల్‌లో చూపిన అంకెతో తృప్తిపడక, కడపటి వాయిదా సొమ్మును శ్రావణమాసమున మరల చూపినపిదపనే చెల్లింతుమని కాగితముపై వ్రాయించుకొనుడు.